రెక్కల లెక్క – ఏడో పాఠం: టైప్ రేటింగ్, ఆన్ టైప్ గంటలు

పోయిన పాఠంలో ఇచ్చిన లాగ్‌బుక్ (పైలట్ ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) అభ్యాసంలో చాలామంది ఒకే చోట జారారు. అందుకే ఈ వారం చెప్పాల్సిన ఇంటర్వ్యూ పాఠాన్ని పక్కన పెట్టాను. ఈ తప్పు దిద్దుకోకపోతే తర్వాత చెప్పేదేదీ తలకెక్కదు.

ప్రొద్దుటూరు అబ్బాయి ఒకరు పంపిన పేజీ నా ముందుంది. సెస్నా 172, డైమండ్ డీఏ42 అనే శిక్షణ విమానాల గంటలు ఏ గడిలోవి ఆ గడిలో చక్కగా రాశాడు. చివరి వరుసలో ‘ఏ320 – 40’ అని, అంటే ఎయిర్‌బస్ ఏ320 జెట్ మీద నలభై గంటలని వేసి, దాన్ని కూడా మొత్తంలో కలిపేశాడు. ఆ నలభై గంటలూ సిమ్యులేటర్‌లో చేసినవి. పక్కన పెన్సిల్‌తో, “సార్, సిమ్యులేటర్ గూడా అచ్చం విమానం మాదిరే ఉంటుంది గదా, కలిపితే ఏం తప్పు?” అని అడిగినాడు.

మంచి ప్రశ్నే. ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్ కదులుతుంది, కుదుపుతుంది, ఇంజిన్ మంటలు కూడా చూపిస్తుంది. కానీ నేల విడిచి పోదు. లాగ్‌బుక్‌లో ‘మొత్తం’ అనే గడి నేల విడిచిన గంటలది. సిమ్యులేటర్‌కు విడిగా గడి ఉంది. ఆ గంటలు అక్కడే ఉండాలి.

మరి ఈ గందరగోళం ఎక్కడ మొదలైంది? ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ దగ్గర. అంటే బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అనుమతి. దానికి 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి, అందులో 20 గంటల వరకు సిమ్యులేటర్‌లో చేసినా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒప్పుకుంటుంది. అక్కడ ఒప్పుకున్నారు కాబట్టి అన్నిచోట్లా ఒప్పుకుంటారని మీరు అనుకున్నారు. ఆ సడలింపు ఆ గడికే పరిమితం. ఎయిర్‌లైన్ ప్రకటనలో ‘ఏ320 మీద కనీసం 500 గంటలు’ అని ఉంటే, అది ఆ విమానాన్ని గాలిలో నడిపిన లెక్క. సిమ్యులేటర్‌లో నలభై చేసినా నాలుగు వందలు చేసినా అక్కడ సున్నాయే. తెలియక కలిపినా, పరిశీలించేవాళ్లకు అది దొంగ లెక్కలాగే కనిపిస్తుంది. అప్పుడు మిగతా పేజీలనూ నమ్మరు.

ఇక టైప్ రేటింగ్, అంటే ఫలానా రకం విమానం నడపడానికి లైసెన్సు మీద ఇచ్చే అనుమతి. ఇద్దరు పైలట్లు ఉంటేనే నడపడానికి అనుమతి ఉన్న ప్రతి రకం విమానానికీ ఇది విడిగా కావాలి. హెవీ లైసెన్సు ఉన్న డ్రైవరు ఏ లారీ అయినా ఎక్కేస్తాడు, ఇక్కడ ఆ వీలు లేదు. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, చేతిలో ఉన్నా, మన కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లులో దిగే ఏటీఆర్ 72-600 అనే ప్రొపెల్లర్ విమానం కాక్‌పిట్‌లో మీ సీటు మీకు రావాలంటే ఏటీఆర్ రేటింగ్ ఉండాల్సిందే. ఒక రేటింగ్ ఒక కుటుంబానికి సరిపోతుంది. ఏటీఆర్ 42, 72 రెండింటికీ ఒకటే. ఏ319, ఏ320, ఏ321లకు ఒకటే. బోయింగ్ 737 పాత తరం నుంచి మ్యాక్స్‌కు మారాలంటే తేడాల శిక్షణ చాలు. అంతేగాని ఏ320 రేటింగ్‌తో 737 ఎక్కలేరు.

కోర్సు ఎలా సాగుతుందో క్లుప్తంగా: ముందు గ్రౌండ్ స్కూల్, తర్వాత సిమ్యులేటర్, అందులోనే స్కిల్ టెస్ట్. కొత్తవాళ్లకు ఆపైన అసలు విమానంతో టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు. ఉద్యోగంలో చేరాక ప్రయాణికులతోనే, శిక్షకుడి పక్కన కూర్చుని లైన్ ట్రైనింగ్. మీ ‘ఆన్ టైప్’ గంటలు, అంటే ఆ రకం విమానాన్ని గాలిలో నడిపిన గంటలు, పెరగడం నిజానికి అక్కడే మొదలవుతుంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, క్లాస్ 1 మెడికల్, డీజీసీఏ రాత పరీక్షలు అన్నీ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

అనంతపురం నుంచి ఒక తండ్రి రాశారు: పొలం అమ్మి ముందే ఏ320 రేటింగ్ చేయిస్తే అబ్బాయికి ఉద్యోగం ఖాయమేనా అని. అయ్యా, ఖాయం కాదు. రేటింగ్ అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను ఏటా పునరుద్ధరించుకోవాలి. ప్రయాణికులతో ఎగరాలంటే గడిచిన తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. ఎయిర్‌లైన్‌లో ఉన్నవాళ్లకు ఆరునెలలకోసారి జరిగే ప్రొఫిషియెన్సీ చెక్ (నైపుణ్య పరీక్ష) ఖర్చు కంపెనీది. ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి అదంతా సొంత జేబులోంచే పోతుంది. ఏడాది గడిస్తే మళ్లీ సిమ్యులేటర్, మళ్లీ లక్షలు. అందుకే నా మాట ఒక్కటే: ముందు ఎయిర్‌లైన్ వాళ్లు అబ్బాయిని ఎంపిక చేయాలి, లేదా కనీసం ఎంపిక పరీక్ష పాసవ్వాలి, తర్వాతే ఏ టైప్ అన్నది తేల్చుకోవాలి. మన దేశంలో ఏ320 కుటుంబమే ఎక్కువ కాబట్టి అందరూ అటే పరుగెత్తుతున్నారు. నన్నడిగితే ఏటీఆర్‌ను చిన్నచూపు చూడొద్దు. కడప, కర్నూలు లాంటి రెండు కిలోమీటర్ల రన్‌వేల మీద రోజుకు నాలుగైదుసార్లు దిగి ఎగిరేవాడి చేతికి వచ్చే పట్టు వేరే.

ఇప్పుడు అభ్యాసం. ప్రకటనలు, అభ్యర్థులు నేను కూర్చినవే.

మొదటి ప్రకటన: ట్రైనీ కో-పైలట్, సీపీఎల్, మల్టీ ఇంజిన్ (ఒకటికి మించి ఇంజిన్లున్న విమానం నడిపే అనుమతి), చెల్లుబాటులో ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. రెండోది: ఏ320 కో-పైలట్, ఆన్ టైప్ 500 గంటలు, చెల్లుబాటులో ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. మూడోది: ఏటీఆర్ కెప్టెన్, ఏటీపీఎల్ (కెప్టెన్‌కు కావాల్సిన ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు), ఏటీఆర్ మీద 1,000 గంటలు.

అభ్యర్థుల్లో ఒకరికి సీపీఎల్, మల్టీ ఇంజిన్, మొత్తం 205 గంటలు, ఏ320 సిమ్యులేటర్ 40, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ గడువు దాటి రెండు నెలలు. ఇంకొకరికి మొత్తం 1,460 గంటలు, అందులో ఏటీఆర్ మీద 1,250, అన్ని రేటింగ్‌లూ చెల్లుబాటులో ఉన్నాయి, వయసు 24. మూడో అభ్యర్థికి ఏ321 మీద 480 గంటలు, ఏ320 మీద 90, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు ఇంకా మూడు నెలల గడువు ఉంది.

ఎవరు దేనికి పనికొస్తారు? పనికిరానివాళ్లకు ఏది తక్కువైంది, అది పూడ్చుకోవడానికి వరుసగా ఏమేం చేయాలి? ఏటీపీఎల్‌కు 1,500 గంటలు, 21 ఏళ్లు కావాలన్నది మరచిపోవద్దు. ప్రతి అంకె లాగ్‌బుక్‌లో ఏ గడి నుంచి తీశారో పక్కనే రాయండి. గడి పేరు లేని జవాబును దిద్దను.