ఊరి ప్లానులో మొదటి గీత సముద్రం వైపు నుంచి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరంలో కొత్త నివాసాలకు ప్లాను వేసేవారు సాధారణంగా రోడ్డు దగ్గర మొదలుపెట్టి, ప్లాట్లు విడగొట్టుకుంటూ వెళ్లి, ఆఖరున మిగిలిన ఇసుకను పార్కుగా చూపిస్తారు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల భూమికి గిరాకీ పెరిగాక ఈ అలవాటు మరింత ముదిరింది. ఇళ్లు, దుకాణాలు, చేపల పని, బడి అన్నీ కలిసిన ఊరు ఒడ్డును చెడగొట్టకుండా నిలవాలంటే ఈ వరుసను తిరగవేయాలి.

ముందుగా తీర మండల నిర్వహణ ప్రణాళిక పటం తెచ్చుకొని, అందులోని పోటు గీతను, అంటే పెద్ద పోటులో నీరు చేరే హద్దును, మీ సర్వే నంబర్ల మీదికి ఎక్కించండి. తీరంలో కట్టడాలను నియంత్రించే 2019 నాటి కేంద్ర ప్రభుత్వ సీఆర్‌జెడ్ ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న చోట పోటు గీత నుంచి 50 మీటర్లు, మిగిలిన చోట్ల 200 మీటర్లు కట్టడాలకు నిషిద్ధం. ఎవరైనా 50 మీటర్లు చాలునంటే, ఆ గ్రామం ఏ తరగతిలో ఉందో కాగితం మీద చూపమనండి. పైగా ఆ దూరం అనుమతికి సరిపోతుంది గాని తుఫానుకు సరిపోతుందన్న హామీ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. ఆనాడు నీళ్లు ఏ ఇంటి గడప వరకు వచ్చాయో పెద్దవారిని అడిగి ఆ చోట్లనూ పటంలో గుర్తించండి.

ఇక ఇసుక దిబ్బలు. వంగి చూస్తే బాలబంద తీగ కణుపు కణుపుకూ వేరు దించి ఇసుకను పట్టుకొని ఉంటుంది; గాలి మోసుకొచ్చిన రేణువులు దాని ఆకుల చాటున ఆగితే తీగ వాటి మీదికి పాకుతుంది, దిబ్బ అలా కొంచెం కొంచెంగా పెరుగుతుంది. తుఫాను అల దిబ్బ ముఖాన్ని కోసి ఇసుకను సముద్రంలోకి లాక్కుంటుంది. ప్రశాంతమైన నెలల్లో అలలే అందులో చాలావరకు తిరిగి తెచ్చి పోస్తాయి. దిబ్బను చదును చేసి గోడ కడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది, గోడకు కొట్టుకొని మళ్లిన అల ఆ గోడ పాదాన్నే తవ్వుతుంది. సరుగుడు నాటితే తీర రక్షణ పూర్తయిందనుకోవడం కూడా పొరపాటే. దానిని దిబ్బ వెనుక నాటాలి. ముందు నాటితే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను ఆక్రమిస్తుంది.

దిబ్బ వెనుక పల్లాన్ని ఖాళీ జాగాగా లెక్కించకండి. సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి పల్లాన్ని, పనికిరాని నేల అన్నందుకే 2010లో అక్కడి రైతులు, మత్స్యకారులు థర్మల్ కేంద్రాన్ని ఎదిరించి పోరాడవలసి వచ్చింది. వాన నీటిని నిలిపి మెల్లగా వదిలే బీలలను, తంపరల వంటి చిత్తడి నేలలను, నదులు సముద్రంలో కలిసే మొగలను పూడ్చితే ఆ నీరు ఇళ్లలోకే వస్తుంది.

ఇప్పుడు కట్టడాలకు రండి. దిబ్బ పక్కనే పడవలు నిలిపే చోటు, వలలు బాగుచేసుకొనే పాక, నెత్తళ్లు ఎండబెట్టే కళ్లం ఉండాలి. ఇవి ఒడ్డు లేకుండా సాగని పనులు, స్థానిక మత్స్యకారుల కోసం నిషేధ పరిధిలోనూ చట్టం వీటిని ఒప్పుకుంటుంది. వాటి తరువాత, నిషేధ పరిధి దాటాక, కింద దుకాణం, పైన కాపురం ఉండే ఇళ్లు, ఐసు ఫ్యాక్టరీ, అంగన్‌వాడీ. అన్నిటికంటే ఎత్తైన చోట బడి. తుఫాను ఆశ్రయం కూడా అదే కావాలి, దానికి లోతట్టు ఊళ్ల వైపు రోడ్డు ఉండాలి. హోటళ్లు అన్నిటికంటే వెనుక. గదిలోంచి అలలు కనబడవని ఫిర్యాదు వస్తుంది, రానివ్వండి. సముద్రానికి దారులు రెండు మూడు చాలు, దిబ్బ దాటే చోట చెక్క వంతెన వేయించండి.

తీరం దగ్గర మోటార్లతో బావుల నీరు తోడితే మంచినీటి పొర తరిగి ఉప్పు ఎక్కుతుంది కనుక ఊరికి నీరు లోపలి నుంచి పైపుల్లో రావాలి. వీధి దీపాలు నేల వైపే వెలగాలి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగును బట్టి సముద్రాన్ని వెతుక్కుంటాయి.

రిజిస్ట్రేషన్లకు ముందే దిబ్బ వెనుక అంచున సరిహద్దు రాళ్లు పాతించండి. ప్రతి రాయి నుంచి పోటు తడి వరకు ఉన్న దూరాన్ని మే నెలలో ఒకసారి, తుఫానుల కాలం ముగిశాక మరొకసారి కొలిపించి పంచాయతీ రిజిస్టరులో రాయించండి. మూడేళ్ల అంకెలు చేతికి వచ్చేవరకు మొదటి వరుస ప్లాట్లు అమ్మకండి.