ఫైనల్ ఫాంటసీ ఎనిమిది: విత్తనపు వడ్లు వండుకోకుండా ఆడే పద్ధతి

స్క్వేర్ సంస్థ 1999లో ప్లేస్టేషన్ కోసం నాలుగు డిస్కుల్లో విడుదల చేసిన ఫైనల్ ఫాంటసీ ఎనిమిదవ భాగాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఎందరో, మొదటి డిస్కు పూర్తికాకముందే విసిగి పక్కన పడేసినవాళ్లూ అందరే. ఈ చీలికకు కథ కొంత కారణమైనా అసలు కారణం జంక్షన్ అనే, మంత్రాలను పాత్రల గుణాలకు కట్టుకునే పద్ధతి. ఇతర రోల్ ప్లేయింగ్ ఆటల్లో నేర్చుకున్న అలవాట్లు ఇక్కడ పనికిరాకపోవడమే కాదు, ఎదురు తిరుగుతాయి కూడా. ఆ అలవాట్లు ఏవో ముందే తెలుసుకొని మొదలుపెడితే ఇది చాలా ఉదారమైన ఆట అని నా గట్టి నమ్మకం.

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సంక్రాంతి సెలవులకు పాలకొల్లు దగ్గరున్న మా ఊరు వచ్చినప్పుడు, 2019లో వచ్చిన రీమాస్టర్డ్ (మెరుగులు దిద్దిన) రూపాన్ని లాప్‌టాప్‌లో తెరిచి, "మావయ్యా, లెవెల్ పెరిగే కొద్దీ నాకు ఇంకా కష్టమవుతోంది, ఎందుకని?" అని అడిగాడు. మెను తెరిచి చూస్తే కథానాయకుడు స్క్వాల్ లెవెల్ 27లో ఉన్నాడు, హెచ్.పి. (ప్రాణశక్తి) ఎదురుగా గాయాలు మాన్పే క్యూర్ మంత్రం 34 ఉంది, బలం ఎదురుగా ఏమీ లేదు. యుద్ధంలో దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆ క్యూర్‌నే వాడుతున్నాడు. వాడు చేస్తున్న పొరపాట్లన్నీ ఆ ఒక్క తెరలోనే కనిపించాయి.

ఈ ఆటలో కవచాలు లేవు. బలం, హెచ్.పి., వేగం వంటివన్నీ ప్రధానంగా మంత్రాల నిల్వ మీదే ఆధారపడతాయి. గార్డియన్ ఫోర్స్ అనే శక్తిని ముందుగా ఒక పాత్రకు తగిలించాలి. ఆ శక్తికి ఏ గుణాన్ని జతచేసే నేర్పు ఉంటే ఆ గుణానికి మాత్రమే మంత్రాన్ని కట్టగలుగుతాము. ఒక్కొక్క మంత్రాన్ని ఒక్కొక్క పాత్ర 100 వరకు దాచుకోవచ్చు. క్యూర్ 100 ఉంచి హెచ్.పి.కి కడితే 200 పెరుగుతుంది. దానికన్నా బలమైన క్యూరా 100 కడితే 500. క్యూరగా 100 కడితే ఏకంగా 2,200. కాబట్టి ఎంత దాచామన్నదానికన్నా ఏ రకం దాచామన్నదే ముఖ్యం.

ఇక్కడే తొలి గందరగోళం వస్తుంది. హెచ్.పి.కి కట్టిన క్యూరగాలో ఒక్కటి యుద్ధంలో వాడితే మన గరిష్ఠ హెచ్.పి. 22 తగ్గుతుంది. మా వైపు రైతు ఇంట్లో సార్వా కోతల నాడు విత్తనానికని పక్కన పెట్టిన వడ్లను, ఎంత ఇబ్బంది వచ్చినా, వండుకోవడానికి తీయరు. కట్టిన మంత్రం అలాంటి విత్తనపు వడ్లు. యుద్ధంలో వాడుకోవడానికి ఏ గుణానికీ కట్టని మంత్రాన్ని విడిగా ఉంచుకోవాలి, లేదా పోషన్ల వంటి వస్తువులు వాడాలి. ఈ మాట చెప్పగానే మావాడు లేచి మెనులో వేళ్లతో లెక్కపెట్టుకుంటూ, తాను ఇన్నాళ్లూ తిన్నది విత్తనాలేనని గ్రహించాడు.

రెండవ పొరపాటు లెవెళ్లు పెంచడం. ఈ ఆటలో శత్రువుల లెవెల్ మన బృందపు సగటు లెవెల్‌ను అనుసరించి పెరుగుతుంది. మనం మైదానంలో తిరిగి పోరాడి లెవెల్ 30కి చేరితే ఎదుటివారూ అంతే బలపడతారు. మన మంత్రాల నిల్వ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే అనుభవ పాయింట్లకు బదులుగా ఏ.పి. పాయింట్లు సంపాదించాలి, ఎందుకంటే గార్డియన్ ఫోర్స్‌లు కొత్త నేర్పులు సంపాదించేది వాటితోనే. క్వెజకోట్ అనే గార్డియన్ ఫోర్స్‌కు ఉన్న కార్డ్ అనే నేర్పుతో బాగా దెబ్బతిన్న శత్రువును పేకగా మార్చేస్తే అనుభవ పాయింట్లు రావు, ఏ.పి. మాత్రం వస్తుంది. పెద్ద శత్రువులను ఓడించినప్పుడు అనుభవ పాయింట్లు రావు కనుక వారి విషయంలో జంకనవసరం లేదు.

మూడవది, అందరినీ విసిగించేది, డ్రా. శత్రువు నుంచి మంత్రాన్ని లాగే ఈ పద్ధతిలో ఒకసారికి గరిష్ఠంగా తొమ్మిదే వస్తాయి. అంటే ఒక్క పాత్రకు ఒక్క మంత్రం 100 నిండాలంటే ఎంత అదృష్టం ఉన్నా పన్నెండుసార్లు లాగాలి. దీన్ని ముగ్గురు పాత్రలకూ అనేక మంత్రాలకూ వర్తింపజేస్తే గంటలు గడిచిపోతాయి. ఆటను వదిలేసినవాళ్లు ఎక్కువమంది ఇక్కడే వదిలేశారని నా అనుభవం. ఈ చాకిరీ అవసరం లేదు. గార్డియన్ ఫోర్స్‌లకు ఆర్ఎఫ్ అని ముగిసే నేర్పులు ఉంటాయి. అవి వస్తువులను మంత్రాలుగా మారుస్తాయి. మొదట వీటినే నేర్పించాలి.

శివ అనే గార్డియన్ ఫోర్స్ ఆట మొదట్లోనే స్క్వాల్ చదివే సైనిక పాఠశాల బాలాంబ్ గార్డెన్‌లో, తరగతి గదిలోని బల్ల ముందు కూర్చున్నప్పుడు, క్వెజకోట్‌తో పాటు చేతికి వస్తుంది. పేరు చూసి మన శివుడని పొరబడకూడదు, ఇక్కడ ఈమె మంచును ఏలే స్త్రీమూర్తి. ఈమెకు ఐ మ్యాగ్-ఆర్ఎఫ్ నేర్పించి, బాలాంబ్ సముద్రపు ఒడ్డున తిరిగే ఫాస్టిటోకాలన్-ఎఫ్ అనే చేపలను ఓడిస్తే, వాటి రెక్కలు దొరుకుతాయి. ఒక్క రెక్క 20 వాటర్ మంత్రాలవుతుంది. అయిదు రెక్కలతో 100 నిండుతుంది. వాటిని స్క్వాల్ బలానికి కడితే ఆరంభ దశ యుద్ధాలు ఎంత తేలికవుతాయో స్వయంగా చూడవచ్చు. చేపల విలువ తెలిసిన గోదావరి జిల్లాలవాళ్లకు ఈ లెక్క ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

హెచ్.పి. విషయంలో ఇంకా సులువైన దారి ఉంది. డాలెట్ నగరపు ప్రసార గోపురం మీద ఎదురయ్యే ఎల్వోరెట్ అనే పెద్ద శత్రువు దగ్గర సైరెన్ అనే గార్డియన్ ఫోర్స్ దాగి ఉంటుంది. ఆ యుద్ధం ముగిసేలోపు డ్రా చేసి ఆమెను తప్పక తీసుకోవాలి. మరిచిపోతే నాలుగవ డిస్కు వరకు మళ్లీ దొరకదు. ఆమెకు ఎల్ మ్యాగ్-ఆర్ఎఫ్ నేర్పితే దుకాణంలో ఆటలోని డబ్బు లెక్కన 1,000 గిల్‌కు దొరికే ఒక్క టెంట్ 10 క్యూరగాలవుతుంది. పది టెంట్లకు పదివేల గిల్ పెడితే ఒక పాత్రకు 2,200 హెచ్.పి. సిద్ధం.

డబ్బు సంగతికి వస్తే, సీడ్ అనే కిరాయి సైనిక దళంలో సభ్యుడయ్యాక స్క్వాల్ నడిచే అడుగులను బట్టి జీతం పడుతుంది. మెనులోని ట్యుటోరియల్‌లో ఉండే రాత పరీక్షలు ఒక్కొక్కటి ఉత్తీర్ణమైతే ఒక్కొక్క జీతపు మెట్టు పెరుగుతుంది. స్క్వాల్ లెవెల్ ఎంతో అన్ని పరీక్షలే రాయగలడు, కాబట్టి లెవెల్ 10 ఉంటే పది వరకు వెంటనే రాసేయాలి.

డ్రా చేసి తీసుకోవలసిన గార్డియన్ ఫోర్స్‌లు సైరెన్ తర్వాత మరికొన్ని ఉన్నాయి: ఇగ్వియన్ల దగ్గర కార్బంకిల్, నోర్గ్ దగ్గర లెవయథన్, ఫూజిన్ దగ్గర పాండిమోనా, ఈడియా దగ్గర అలెగ్జాండర్. కాబట్టి ప్రతి పెద్ద శత్రువు మీదా మొదటి వంతులోనే డ్రా తెరిచి జాబితా చూడటం అలవాటు చేసుకోవాలి. గార్డెన్ ప్రధానాచార్యుడు సిడ్ ఇచ్చే మాయదీపాన్ని మాత్రం ఆటను భద్రపరచుకున్నాకే వాడాలి, ఎందుకంటే అందులోంచి వచ్చే డయాబ్లోస్ అనే గార్డియన్ ఫోర్స్‌ను ఓడిస్తేనే మనవాడవుతాడు. మైదానంలో శత్రువులు ఎదురుపడకుండా చేసే నేర్పు అతని దగ్గరే ఉంది.

రీమాస్టర్డ్ రూపంలో కొన్ని సౌకర్యాలు చేర్చారు. వేగాన్ని మూడింతలు చేసేదాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. యుద్ధాల్లో పూర్తి బలాన్ని ఇచ్చేదాన్ని మొదటిసారి ఆడేవాళ్లు ముట్టుకోకపోతే మంచిది. జంక్షన్ ఎందుకు అవసరమో అది తెలియనివ్వదు.

కథ తరచుగా బృందాన్ని విడగొడుతుంది. కొత్తగా చేరినవారికి గార్డియన్ ఫోర్స్ లేకపోతే దాడి తప్ప మరేమీ చేయలేరు. అప్పుడు అన్నీ విప్పి మళ్లీ కట్టవద్దు. మెనులో స్విచ్ కింద ఉన్న జంక్షన్ ఎక్స్ఛేంజ్ తెరిచి, వెళ్లిపోయినవారి పేరు, వచ్చినవారి పేరు ఎంచుకుంటే గార్డియన్ ఫోర్స్‌లూ మంత్రాలూ మొత్తం ఒక్కసారిగా చేతులు మారతాయి.