రెప్పల లిఫ్ట్ నేర్చుకుందాం – 3వ పాఠం: సామాన్ల పెట్టె

రెప్ప వెంట్రుక ఎట్లా పెరుగుతుంది, ఎట్లా రాలిపోతుంది అనేది పోయిన పాఠంలో చూసినాం. పాతవి రాలి కొత్తవి వస్తూ ఉంటాయి కాబట్టే ఒకసారి చేసిన లిఫ్ట్, అంటే రెప్ప వెంట్రుకలను మందుతో పైకి వంచి నిలబెట్టడం, 6 నుంచి 8 వారాలు నిలుస్తుంది. ఈసారి సామాన్లు కొందాం.

అనంతపురంలో కూర్చుని ఫోన్‌లో కిట్ కోసం వెతికితే గులాబీ డబ్బాలో ఇరవై వస్తువులు, తక్కువ ధర అంటూ వరసగా కనబడతాయి. తొందరపడొద్దమ్మా. ఆ ఇరవైలో అసలు పని చేసేవి మూడే: లోషన్లు, సిలికాన్ ప్యాడ్లు, జిగురు. మీ డబ్బంతా వీటి మీదే పెట్టండి. దూది, పేపర్ టేప్, ఇయర్ బడ్స్ లాంటివి సుభాష్ రోడ్డు షాపుల్లోనే దొరుకుతాయి.

మొదట లోషన్లు. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారైంది. దాని లోపల గంధకపు బంధాలు వెంట్రుకను ఒక ఆకారంలో పట్టి ఉంచుతాయి. ఒకటో లోషన్‌లో ఉండే థయోగ్లైకోలిక్ ఆమ్లమో, సిస్టియమినో ఆ బంధాలను విడదీస్తుంది. రెండో లోషన్‌లో సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ సోడియం బ్రోమేట్ గానీ ఉంటుంది. విడిపోయిన బంధాలను అది కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతుంది. మూడోది వెంట్రుకకు మెత్తదనం ఇచ్చే సీరమ్, అంతే. పార్లర్లో జుట్టు స్ట్రెయిటనింగ్ చేసినవాళ్లకు ఈ రసాయనం తెలిసిందే. అట్లని జుట్టు క్రీమ్ తీసి రెప్పలకు పూయొద్దు, అది కంటి దగ్గర వాడేది కాదు. రెప్పలకు వాడే మందులో థయోగ్లైకోలిక్ ఆమ్లం 11 శాతం దాటకూడదనీ, శిక్షణ ఉన్నవాళ్లే వాడాలనీ యూరప్‌లో నియమం ఉంది. కొనేముందు డబ్బా మీద ఏ మందు, ఎంత శాతం, ఏ తేదీ వరకు అని చదవండి. ఇవి రాయని డబ్బా ఎంత చవకైనా పక్కన పెట్టేయండి.

మన ఊళ్లో ఇంకో సమస్య ఎండ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజు పార్శిల్ బండిలో మధ్యాహ్నమంతా ఉడికిన లోషన్ బలం తగ్గిపోతుంది. అందుకే సంవత్సరానికి సరిపడా ఒకేసారి తెప్పించుకోవద్దు. పెద్ద సీసా కంటే ఒక్కొక్కరికి సరిపోయే చిన్న సాషేలు మేలు. మూత తీసిన సీసాలో గాలి తగిలి మందు చెడిపోతూ ఉంటుంది.

ఇది నేను అనుభవంతో చెప్తున్న మాట. పని నేర్చుకున్న కొత్తలో, ఎప్పుడో మూత తీసిన సీసాతో నిశ్చితార్థానికి ముందు ఒకమ్మాయికి లిఫ్ట్ చేసినాను. రెప్పలు లేవలేదు. టైము చాలలేదేమో అనుకుని కొత్త సీసా తీసి, అదే రోజు మళ్లీ పూసి ఎక్కువసేపు ఉంచినాను. కొసలు కాలినట్టు నలిగి, వంకర్లు తిరిగినాయి. ఆ పిల్ల అద్దంలో చూసుకున్నప్పటి ముఖం నేను మరిచిపోలేదు. అప్పటినుంచి ప్రతి సీసా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాస్తాను. మీరూ రాయండి. ఎన్ని నిమిషాలు ఉంచాలో కంపెనీ కాగితం చెప్పినట్టే చేయండి, దానికోసం ఒక టైమర్ పెట్టుకోండి.

సిలికాన్ ప్యాడ్లు పై కనురెప్ప మీద అంటించి, వెంట్రుకలను వాటి మీదికి దువ్వడానికి. చిన్నవి, మధ్యరకం, పెద్దవి మూడూ ఉండాలి. చిన్న ప్యాడ్ మీద వంపు బిగువుగా వస్తుంది, పెద్దదాని మీద నెమ్మదిగా లేస్తుంది. వాడినాక సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

జిగురు లిఫ్ట్ కోసమే చేసిందై, నీళ్లతో వదిలేదై ఉండాలి. ఎక్స్‌టెన్షన్లు, అంటే కృత్రిమ రెప్ప వెంట్రుకలు, అంటించే జిగురు ససేమిరా వద్దు. మన గాలిలో తేమ తక్కువ. పైన ఫ్యాన్ తిరుగుతుంటే రెప్పలు దువ్వేలోపే జిగురు ఎండిపోతుంది. ఫ్యాన్ తగ్గించి, కొంచెం కొంచెంగా పూస్తూ దువ్వండి. దువ్వడానికి సన్నటి లిఫ్ట్ దువ్వెన, లోషన్ పూయడానికి మైక్రో బ్రష్‌లు, చివర్లో మస్కారా బ్రష్. ఈ బ్రష్‌లు ఒకరికి వాడినవి ఇంకొకరికి వద్దు.

నూనె లేని క్లెన్సర్ తప్పకుండా కొనండి. మన ఆడవాళ్లు రోజూ కాటుక పెడతారు, రెప్పలు ఒత్తుగా రావాలని రాత్రి ఆముదం రాస్తారు. ఆ జిడ్డు మిగిలితే ప్యాడ్ జారుతుంది, లోషన్ వెంట్రుకకు పట్టదు. తుడవడానికి బోరు ఉప్పునీళ్లు వాడొద్దు. మందుల షాపులో 0.9 శాతం సెలైన్ సీసా తెచ్చుకోండి. లోషన్‌ను మొదట పొడి దూదితో తీసేసి, ఆ తర్వాతే సెలైన్ తడి. ఇంకొక సీసా మూత తీయకుండా పక్కన ఉండాలి. పొరపాటున కంట్లో లోషన్ పడితే వెంటనే కడగడం మొదలుపెట్టి, సెలైన్ అయిపోతే శుభ్రమైన తాగే నీళ్లతోనైనా 15 నిమిషాలు ఆపకుండా కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

కింది రెప్పలను అదిమి ఉంచడానికి జెల్ ప్యాచ్‌లు, పేపర్ టేప్ సరిపోతాయి. కరెంటు పోయినా ఆరిపోని చార్జింగ్ లైటు ఒకటి చూసుకోండి, సగంలో చీకటైతే టైము లెక్క తప్పుతుంది.

ఈ వారం సాధన: లోషన్ ముట్టుకోవద్దు. ముందురోజే మీ అక్కకో చెల్లెలికో మోచేతి మడత లోపల చుక్క జిగురు రాసి 24 గంటలు చూడండి. దురద, ఎరుపు రాకుంటే ప్యాడ్ అంటించి, ఒక్కో రెప్ప వెంట్రుకను విడివిడిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా నిలబెట్టండి. సెలైన్‌తో తీసేసి ఇంకోరోజు మళ్లీ చేయండి. ఒక కంటికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఎవరి రెప్పకు ఏ సైజు ప్యాడ్ అనేది చూస్తాం, అప్పుడు ఆ కాగితం కావాలి.