ఉపాధి విధానంపై జెనీవా వ్యాఖ్యను చదవడం: మూడవ పాఠం

గత పాఠంలో, జెనీవాలో ఉన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ రాజ్యాంగంలోని 22వ అధికరణం కింద ప్రభుత్వాలు నివేదికలు ఎలా పంపుతాయో చూశాము. ఆ నివేదికను పరిశీలించి నిపుణుల కమిటీ రాసే వ్యాఖ్యను ఎలా చదవాలో ఈ పాఠంలో నేర్చుకుందాము. గాజువాకలో మనం కూర్చునే చదువు బృందంలో పోయిన ఆదివారం ఒక పెద్దాయన, "జెనీవాకు రాస్తే మన స్టీల్ ప్లాంటులో ఉద్యోగాలు నిలబడతాయా అండీ?" అని అడిగారు. నిలబెట్టే అధికారం ఆ కమిటీకి లేదు. అయితే దానికి ఉన్న అధికారం చిన్నదేమీ కాదు.

కన్వెన్షన్ అంటే ధ్రువీకరించిన దేశాలు కట్టుబడవలసిన అంతర్జాతీయ ఒప్పందం. ఆ సంస్థ 1964లో ఆమోదించిన 122వ నంబరు ఉపాధి విధాన కన్వెన్షన్‌ను భారతదేశం 1998 నవంబరులో ధ్రువీకరించింది. సంపూర్ణమైన, ఉత్పాదకమైన, స్వేచ్ఛగా ఎంచుకున్న ఉపాధిని పెంపొందించే క్రియాశీల విధానాన్ని ప్రధాన లక్ష్యంగా ప్రకటించి అనుసరించాలని అందులోని 1వ అధికరణం చెబుతుంది. ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలని ఎక్కడా చెప్పదు. కాబట్టి నిరుద్యోగం పెరిగినంత మాత్రాన ఉల్లంఘన జరిగినట్టు కాదు. విధానమంటూ ఒకటి ఉన్నదా, లెక్కలు చూసుకుని దానిని ఎప్పటికప్పుడు సవరించుకుంటున్నారా, దాని ప్రభావం పడేవారిని సంప్రదించారా అన్నవే కమిటీ వేసే ప్రశ్నలు. ఈ తేడా తెలియక రాసిన ఫిర్యాదులు చాలావరకు బుట్టదాఖలవుతాయని నా అభిప్రాయం.

ఈ కమిటీ 1926లో ఏర్పడింది. ఇరవై మంది స్వతంత్ర న్యాయ నిపుణులు ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో సమావేశమవుతారు. వారు రాసేవి రెండు రకాలు. వార్షిక నివేదికలో అచ్చయి, జూన్‌లో జరిగే అంతర్జాతీయ కార్మిక మహాసభ ముందుకు వెళ్ళేది పరిశీలన. ఆ నివేదికలో అచ్చు కాకుండా ప్రభుత్వానికి వెళ్ళేది నేరుగా చేసే అభ్యర్థన. రెండూ నార్మ్‌లెక్స్ అనే సమాచార నిధిలో ఉచితంగా దొరుకుతాయి.

వ్యాఖ్య చేతికి రాగానే క్రియాపదాల కింద గీత గీయండి. మన ఆఫీసుల్లో అర్జీ మీద "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని రాస్తే ఆ కాగితం ఎటు పోతుందో అనుభవమున్నవారికి తెలిసినట్టే, ఇక్కడి మాటలకూ స్థిరపడిన అర్థాలు ఉన్నాయి. "గమనించింది" అంటే సమాచారం అందిందని మాత్రమే. అది మెప్పు కాదు. "ఆసక్తితో గమనించింది" అంటే మెరుగుదల కనిపిస్తున్నదని. "సంతృప్తితో గమనించింది" అంటే తాను అడిగిన మార్పు నిజంగా జరిగిందని. "విచారం" వ్యక్తం చేసినా, "గట్టిగా కోరుతున్నది" అని రాసినా ప్రభుత్వ సమాధానంతో కమిటీ తృప్తి పడలేదని గ్రహించాలి. అదే అభ్యర్థన ఏళ్ళ తరబడి అవే మాటలతో తిరిగి వస్తుంటే సమాధానం రాలేదని అర్థం.

తరువాత అంకెల దగ్గర ఆగండి. మన దేశంలో ఉపాధి లెక్కలకు ప్రధాన ఆధారం 2017లో మొదలైన శ్రామిక బలగ సర్వే. అందులోని వారపు స్థితి లెక్క ప్రకారం, సర్వేకు ముందు ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేసినా ఆ మనిషి ఉపాధి ఉన్నవాడే. మన నగరంలోని ఏ కూలీల అడ్డాకైనా తెల్లవారుజామున వెళ్ళి చూడండి. తాపీ, గమేళా పట్టుకుని ఆరు రోజులు నిలబడి, ఒక్క రోజు మాత్రమే పని దొరికిన మేస్త్రీ ఆ లెక్కలో నిరుద్యోగి కాడు. కన్వెన్షన్ మాత్రం నిరుద్యోగంతో పాటు అరకొర ఉపాధిని కూడా అధిగమించాలని 1వ అధికరణంలోనే చెబుతుంది. ప్రభుత్వం ఒకే ఒక్క నిరుద్యోగ శాతంతో సరిపెట్టిన చోట, అరకొర ఉపాధి గురించి ఏమి చెప్పారని అడగడం నేర్చుకోవాలి.

అన్నిటికంటే బలమైన పట్టు 3వ అధికరణంలో ఉన్నది. విధానపు చర్యల ప్రభావం పడేవారి ప్రతినిధులను, ముఖ్యంగా యజమానుల, కార్మికుల ప్రతినిధులను, సంప్రదించాలని, వారి అనుభవాన్నీ అభిప్రాయాలనూ పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలని అది నిర్దేశిస్తుంది. మన దేశంలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని మాట్లాడుకునే వేదిక భారత కార్మిక మహాసభ. దాని 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి దానిని పిలవలేదు. ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు తిరిగి వద్దాము. విశాఖ ఉక్కులో వంద శాతం వాటాల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కూర్మన్నపాలెంలో దీక్షలు సాగాయి. అమ్మకం తప్పా ఒప్పా అన్నది 122వ కన్వెన్షన్ తేల్చే విషయం కాదు. ఇంతమంది ఉపాధిని కదిలించే నిర్ణయానికి ముందు కార్మిక సంఘాలను ఎప్పుడు, ఏ వేదికపై సంప్రదించారు, వారు చెప్పినది ఎంతవరకు లెక్కలోకి వచ్చింది అన్నది మాత్రం ఆ కన్వెన్షన్ పరిధిలో అడగదగిన ప్రశ్నే.

అభ్యాసానికి, నార్మ్‌లెక్స్‌లో భారతదేశం పేరు కింద 122వ కన్వెన్షన్‌పై వచ్చిన ఏ రెండు వ్యాఖ్యలనైనా పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ మళ్ళీ కనిపించే అభ్యర్థనలను మీ నోటు పుస్తకంలో సొంత మాటల్లో రాసుకోండి. కార్మిక సంఘాలు తమ వ్యాఖ్యలను సెప్టెంబరు 1 లోపు జెనీవాకు చేర్చవలసి ఉంటుంది. మీరు రాసుకున్న ఆ పేజీనే ముందు పెట్టుకుని వచ్చే పాఠంలో ఒక సంఘం తరఫు వ్యాఖ్యను రాయడం మొదలుపెడతాము.