తుపాకీ పొడవు కొలవడం, 4వ పాఠం: కర్ర పెట్టి కొలవండి, టేపు కాదు

ఈసారి మొత్తం పొడవు గురించి చెప్పాలి. కానీ పోయిన పాఠంలో బ్యారెల్ కొలవమంటే చాలామంది బయట టేపు పెట్టి, రిసీవర్ (తుపాకీ యంత్రం ఉండే నడిమి డబ్బా) దాటి బ్యారెల్, అంటే గొట్టం, కనిపించే చోటి నుంచి కొలిచారు. దాంతో చట్టబద్ధంగా కొన్న పదహారంగుళాల బ్యారెల్ 14 అని తేలి, టెన్షన్ పడి మెసేజ్‌లు పెట్టారు. ముందు అది సరిచేద్దాం.

బ్యారెల్ లెక్క బోల్ట్ (గొట్టం వెనుక కొసను మూసే భాగం) ముఖం దగ్గర మొదలవుతుంది, అంటే తూటా కూర్చునే చాంబర్ కూడా అందులో భాగమే. తుపాకీ ఖాళీ చేసి, బోల్ట్ మూసి, గొట్టంలోకి సన్నటి చెక్క కర్ర దించండి. అది ఆగిన చోట, మూతి అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి కొలవండి. అమెరికాలో తుపాకీ చట్టాలు అమలు చేసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ చెప్పే పద్ధతి ఇదే. ఇనుప ఊచ మాత్రం వద్దు, లోపల గీతలు పడతాయి. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్‌కు కనీసం 16 అంగుళాలు, షాట్‌గన్‌కు 18 ఉండాలి. నేనైతే 16కి పైన పావు అంగుళమైనా ఎక్కువ లేని బ్యారెల్ కొనను.

ఇక నాకు బాగా చిరాకు తెప్పించేది, కాల్చినప్పుడు వెనక్కి తన్నే జోరు తగ్గించడానికి మూతికి బిగించే మజిల్ బ్రేక్. మరలతో బిగించింది ఎంత గట్టిగా ఉన్నా లెక్కలోకి రాదు. రెంచీతో బిగించినా రాదు, మరలకు జిగురు పూసినా రాదు, "ఎప్పటికీ విప్పను" అని మీరు ఒట్టు పెట్టుకున్నా రాదు. పూర్తిగా వెల్డింగ్ చేయాలి, లేదా 1,100 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి మీద కరిగే సిల్వర్ సోల్డర్ (టంకం) వేయాలి, లేదా పిన్ను దింపి దాని తల మీద వెల్డ్ పెట్టాలి. అప్పుడే అది బ్యారెల్‌లో భాగం. 14.5 అంగుళాల బ్యారెల్‌కు రెండంగుళాల బ్రేక్ ఊరికే బిగిస్తే అది పొట్టి రైఫిలే, అంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయాల్సిన రకం. 2026 జనవరి నుంచి వాటి మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది కానీ రిజిస్ట్రేషన్ పోలేదు. ముందే అనుమతి తీసుకోకుండా తయారు చేస్తే పదేళ్ల దాకా జైలు పడొచ్చు.

ఇప్పుడు మొత్తం పొడవు. గొట్టం నడిమి రేఖకు సమాంతరంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలవాలి. స్టాక్ కింది మూలకు టేపు ఏటవాలుగా లాగితే అంకె పెరుగుతుంది, అది చెల్లదు. గోడకు ఆనించి, రెండు కొసల దగ్గరా మూలమట్టం పెట్టి కొలవడం నాకు అలవాటు. ఫెడరల్ కొలతలో మడత స్టాక్‌ను పూర్తిగా చాపుతారు, 26 అంగుళాలు ఉండాలి. కాలిఫోర్నియాలో సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా కాల్చి, తర్వాతది తానే ఎక్కించుకునే) సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పేలే మందు ఉండే) రైఫిల్‌కు కనీసం 30 అంగుళాల నియమం ఉంది. అక్కడ స్టాక్ మడిచి, కాల్చగలిగే స్థితిలో ఎంత పొట్టిగా అవుతుందో అంతే చూస్తారు. టెక్సాస్‌లో ఇబ్బంది లేని తుపాకీ, ఉద్యోగం మారి కాలిఫోర్నియాలోని శాన్ హోసే వెళ్లేసరికి, ఆ రాష్ట్రం నిషేధించిన అసాల్ట్ వెపన్ కావచ్చు. సామాను కట్టకముందే కొలిచి చూసుకోండి.

అభ్యాసం: మడత స్టాక్ ఉన్న సెంటర్‌ఫైర్ సెమీ ఆటో రైఫిల్. చాపితే 40, మడిస్తే 31 అంగుళాలు, మడిచినా కాలుస్తుంది. రెండు కొలతల్లోనూ మరలతో బిగించిన బ్రేక్ కలిసే ఉంది, అది తీస్తే రెండంగుళాలు తగ్గుతుంది. బ్రేక్ తీసి కర్ర దించితే గీత 16.1 దగ్గర పడింది. ఫెడరల్ లెక్కలో, కాలిఫోర్నియా లెక్కలో దీని మొత్తం పొడవు ఎంతెంత, ఏది ఎక్కడ తప్పుతుంది? బ్రేక్‌ను పిన్ను, వెల్డ్‌తో శాశ్వతం చేస్తే మొత్తం పొడవు, బ్యారెల్ పొడవు అంకెల్లో ఏవి మారతాయో కారణంతో సహా రాసి పంపండి. అంకెలు మాత్రమే పంపితే చూడను.