కెర్నల్ మారాక నెట్ పోతే ముందు పాత కెర్నల్‌లోకి వెళ్లండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల్లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. నేను పెట్టినవాటిలో ఎక్కువగా ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్ రకం) నడుస్తుంది. మిర్చి సీజన్‌లో యార్డు నిండా బస్తాలు ఉన్నప్పుడు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) ఇచ్చే కంప్యూటర్‌కు నెట్ పోతే, సరుకు అమ్మిన రైతు ఎండలో నిలబడాల్సి వస్తుంది. అందుకే ఆ సమయంలో ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది రాస్తున్నాను.

“రాత్రి అప్‌డేట్ అయింది, పొద్దున నెట్ లేదు” అని ఫోను రాగానే నేను అడిగేది ఒకటే: అదే వైఫైతో మీ ఫోనులో నెట్ వస్తోందా? వస్తుంటే రూటర్ జోలికి వెళ్లకండి. ఫార్మాట్ చేస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఏడాది లెక్కలున్న డిస్కును ఒక్క డ్రైవర్ (నెట్ కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం) కోసం తుడిచేయడం అన్యాయం.

అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ (ఉబుంటుకు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రాం) వచ్చినా ఉబుంటు పాతదాన్ని వెంటనే తీసేయదు. రీస్టార్ట్ చేసి, తెర మీద కంపెనీ గుర్తు కనిపించగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరహా ఏర్పాటు) లేని పాత కంప్యూటరైతే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. అప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో (దేనితో మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ తెరిస్తే కెర్నల్‌లు వరుసగా కనిపిస్తాయి. రికవరీ అని రాసి లేని పాత సంఖ్యను ఎంచుకోండి. లోపలికి వెళ్లాక టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ‘యూనేమ్ -ఆర్’ కొట్టి, నిజంగా పాతదానిలోనే ఉన్నారో లేదో చూసుకోండి.

నెట్ వచ్చిందంటే లోపం కొత్త కెర్నల్‌కు, కార్డు డ్రైవర్‌కు మధ్య ఉందన్నమాట. దుకాణం నడవనివ్వండి, మిగతాది సాయంత్రం చూడవచ్చు. అంతవరకు ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ కొట్టకండి, అది పాత కెర్నల్‌ను తీసేయవచ్చు; ఉన్న ఆసరా ఆ పాత కెర్నలే. పాత కెర్నల్‌లోనూ నెట్ రాకపోతే కేబులు, వైఫై స్విచ్ చూడండి. ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొడితే వైఫై ఆపి ఉందేమో తెలుస్తుంది.

సాయంత్రం కొత్త కెర్నల్‌తో మొదలుపెట్టి ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కొట్టండి. నెట్‌వర్క్ కార్డు వరుస కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న మాట లేకపోతే కార్డుకు డ్రైవర్ అందలేదు. యూఎస్‌బీ వైఫై ముక్క ఇందులో కనిపించదు, దానికి ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టీ’ వాడాలి. డ్రైవర్ ఉండి కూడా నెట్ రాకపోతే ‘ఐపీ లింక్’ చూడండి. కార్డు పేరు ఈఎన్‌పీ2ఎస్0 నుంచి ఈఎన్‌పీ3ఎస్0గా మారి, నెట్ అమరికలు రాసి ఉండే నెట్‌ప్లాన్ ఫైలులో పాత పేరే మిగిలి ఉండవచ్చు. కెర్నల్ సందేశాలు చూపే ‘సుడో డీఎంఈఎస్‌జీ’లో ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) దొరకలేదని ఉంటే లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని తాజా చేయండి.

డ్రైవర్ అసలే లేకపోతే మళ్లీ పాత కెర్నల్‌లోకి వెళ్లండి. అక్కడ నెట్ ఉంది కాబట్టి కొత్తదానికి కావలసినవి అక్కడి నుంచే దించుకోవచ్చు. ముందుగా కొత్త కెర్నల్ సంఖ్యతో ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా’ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. చాలా ఉబుంటు వెర్షన్లలో ఎన్నో డ్రైవర్లు ఇందులోనే ఉంటాయి.

బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ లాంటి కొన్ని వైఫై డ్రైవర్లు కెర్నల్‌తో కలిసి రావు. కెర్నల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే సాధనం వాటిని సోర్సు (మూల కోడ్) నుంచి కొత్తగా తయారు (కంపైల్) చేయాలి. అందుకు ఆ కెర్నల్‌కు చెందిన హెడర్లు (డ్రైవర్ తయారీకి కావలసిన ఫైళ్లు) ఉండాలి. ‘డీకేఎంఎస్ స్టేటస్’లో కొత్త సంఖ్య కనిపించకపోతే, ఆ సంఖ్యతోనే ‘లినక్స్-హెడర్స్’ వేసి, ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ -కే’ పక్కన అదే సంఖ్య ఇవ్వండి. కంపైల్ మధ్యలో ఆగిపోతే ఆ డ్రైవర్ సోర్సు కొత్త కెర్నల్‌కు సరిపోవడం లేదని అర్థం. కొత్త సోర్సు దొరికేదాకా పాత కెర్నల్‌లోనే ఉండండి.

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది సెక్యూర్ బూట్, అంటే తాను గుర్తించిన సంతకం లేని డ్రైవర్లను ఆపే భద్రతా ఏర్పాటు. డ్రైవర్ సరిగానే తయారవుతుంది, కానీ ‘మోడ్‌ప్రోబ్’తో ఎక్కించబోతే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటుంది. ఆ డ్రైవర్ మీద ఉన్న సంతకాన్ని కంప్యూటర్ గుర్తించలేదు. ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ కొడితే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని రీస్టార్ట్ చేయండి. నీలి రంగు తెర కొద్ది సెకన్లే ఉంటుంది, ఆలోగా ఏదో ఒక మీట నొక్కాలి. టీకి వెళ్లివస్తే అది దాటిపోతుంది, దయచేసి అక్కడే కూర్చోండి. ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని, ‘కంటిన్యూ’, ‘యెస్’ అని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. సెక్యూర్ బూట్‌నే ఆపేయడం సులువే కానీ, డబ్బు లెక్కలుండే కంప్యూటర్‌లో నేను ఆ పని చేయను.

నెట్ వచ్చాక మరోసారి రీస్టార్ట్ చేసి, కొత్త కెర్నల్‌లోనూ అది నిలిచిందో లేదో చూడండి. సీజన్ మధ్యలో ఉంటే ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’తో లినక్స్-జెనెరిక్, లినక్స్-ఇమేజ్-జెనెరిక్, లినక్స్-హెడర్స్-జెనెరిక్ మూడింటినీ ఆపి ఉంచండి. భద్రతా సవరణలు కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి ఎక్కువ కాలం ఆపకూడదు. మార్కెట్ సెలవు రోజున ‘అన్‌హోల్డ్’ చేసి, కంప్యూటర్ ముందు మీరున్నప్పుడే అప్‌డేట్ చేయండి.