ముట్టుకుంటే జివ్వుమంటోందా? విశాఖ ఇళ్లలో ఎర్త్ సమస్యలు, పరిష్కారాలు

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జివ్వుమనడం, స్నానాల గదిలో కుళాయి చురుక్కుమనడం చాలామందికి అలవాటైపోయింది. చెప్పులేసుకుని కానిచ్చేస్తుంటారు. దయచేసి అలా వదిలేయకండి. చాలాసార్లు దాని అర్థం ఎర్త్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపేసే వైరు, తెగిపోయిందనే. ఇవాళ జివ్వుమన్నదే, కాళ్లు తడిగా ఉన్న రోజున ప్రాణం తీస్తుంది.

విశాఖలో దీనికి రెండు కారణాలు కలుస్తాయి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు లాంటి తీరం పక్క ఇళ్లలో ఉప్పుగాలి ఎర్త్ వైరును పట్టి ఉంచే క్లాంపుల్ని, బోల్టుల్ని తినేస్తుంది. కొండవాలు ఇళ్లలోనేమో ఎర్త్ పైపు పాతేందుకు గుంత తవ్వితే కొంత లోతులోనే రాయి తగులుతుంది, ఆ కాస్త మట్టీ వేసవికి ఎండిపోతుంది.

ప్లగ్గులు చూడటం, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే చిన్న మీటరు) పెట్టడం మీరు చేసుకోవచ్చు. మీటరు వాడటం మీకు కొత్తైతే అదీ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. బోర్డు విప్పే పని ఏదైనా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి చెయ్యాలి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్ బాడీ జివ్వుమంటే

ముందు ప్లగ్గు చూడండి. లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్నే ఎర్త్. చవక ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో, టూపిన్ కన్వర్టర్లలో ఆ దారి ఉండదు. అవి తీసేసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి.

అయినా పోకపోతే సాకెట్‌నే అనుమానించాలి. ఇక్కడ టెస్టర్‌ను నమ్మొద్దు. ఎర్త్ రంధ్రంలో టెస్టర్ వెలగలేదంటే ఎర్త్ బాగున్నట్టు కాదు, అసలు వైరే లేకపోయినా వెలగదు. మల్టీమీటర్‌ను 600 లేదా 750 వోల్టుల ఏసీ మీద పెట్టి చూడండి. ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) - న్యూట్రల్ (అది తిరిగి వెళ్లే వైరు) మధ్య 230 అటూ ఇటూ, ఫేజ్ - ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్ - ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఫేజ్ - ఎర్త్ బాగా తక్కువగా వచ్చినా, అంకెలు ఊగిసలాడినా ఎర్త్ తెగినట్టే.

ఒక మోసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్త్ లేని ఇంట్లో కొందరు సాకెట్ వెనక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. మీటరు లెక్కలన్నీ బాగానే వస్తాయి. కానీ ఏదో ఒకరోజు న్యూట్రల్ తెగితే ఫ్రిజ్ బాడీ మొత్తం 230 వోల్టులెక్కుతుంది. కనిపెట్టాలంటే పక్క సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె వేసి న్యూట్రల్ - ఎర్త్ మళ్లీ కొలవండి. అసలైన ఎర్త్ అయితే అంకె కొంచెం పెరుగుతుంది. అప్పుడూ సున్నాకు అతుక్కుని ఉంటే బోర్డు విప్పించి చూడాల్సిందే.

కుళాయి, షవర్ షాక్ కొడితే

మొదటి అనుమానం గీజర్ మీదే. బోరు నీళ్ల సున్నం నీళ్లు కాచే ఎలిమెంట్‌కు పొరలా పట్టి, లోపలి వేడి బయటికి పోక పైగొట్టం చిట్లుతుంది. కరెంటు నీళ్లలోకి దిగుతుంది. గీజర్ స్విచ్ ఒక్కటే ఆపి పరీక్షించొద్దు. వైరింగ్ తిరగబడి స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉంటే, ఆపినా ఎలిమెంట్‌లో ఫేజ్ ఉంటుంది. ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఆపి, ప్లగ్గు కూడా లాగేయండి. ఎలిమెంట్ మార్చి, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఫేజ్‌కూ బాడీకీ మధ్య కనీసం 1 మెగాఓమ్ వచ్చేదాకా ఆ గీజర్ వాడొద్దు.

మీ మెయిన్ ఆపినా కుళాయి కొడుతోందంటే కరెంటు మీ ఇంటిది కాదు. పాత అపార్ట్‌మెంట్లలో ఇనుప పైపులు అన్ని ఫ్లాట్లనూ కలుపుతాయి. పై అంతస్తు గీజరో, సంపు మోటారో కారణం కావచ్చు. మోటారుతో మొదలుపెట్టి ఒక్కో ఫ్లాట్ మెయిన్ ఆపుతూ వెళ్తే దొరుకుతుంది. దొరికేదాకా ఎవరూ ఆ నీళ్లతో స్నానం చెయ్యకూడదు.

ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే

ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. దాన్ని బైపాస్ చేయించొద్దు. ఎంసీబీ కాపాడేది వైరునే. 16 యాంపియర్లు దాటితే గానీ కదలని ఎంసీబీ, 0.1 యాంపియరుతోనే పోయే మనిషి ప్రాణాన్ని ఏం కాపాడుతుంది? 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీయే ఆ పని చేస్తుంది. ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ గుర్తించలేదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్చండి.

పడిపోతుంటే ప్లగ్గులన్నీ తీసి, ఎంసీబీలన్నీ ఆపి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ప్లగ్గులు తీయడం ముఖ్యం. మామూలు ఎంసీబీ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్ - ఎర్త్ కలిసిన లోపం అలాగే ఉండి పడేస్తుంది. వానకే పడితే బాల్కనీ సాకెట్, గేటు లైటు చూడండి. ఇన్వర్టర్ పెట్టాక మొదలైతే ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్ మామూలు న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది, దాన్ని విడదీయించాలి.

ఎర్త్ గుంతలోనే లోపం ఉంటే

గుంత మూత తీసి క్లాంప్ చూడండి. తెల్లగా, ఎర్రగా పొడి రాలుతోందంటే అక్కడ పట్టు పోయినట్టే. మెయిన్ ఆపాక ఎలక్ట్రీషియన్ పైపును మెరిసేదాకా గీకి, కొత్త క్లాంప్‌ను స్టెయిన్‌లెస్ బోల్టుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పట్టించాలి. రాగి వైరును జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుకు నేరుగా చుట్టకూడదు, తేమలో రెండు లోహాలూ కలిసి పైపును తినేస్తాయి. తగరం పూత ఉన్న లగ్ (వైరు కొసకు బిగించే ముక్క) వాడాలి.

ఎర్త్ టెస్టర్‌తో (ఎర్త్ నిరోధం కొలిచే పరికరం) 5 ఓమ్‌ల లోపు వస్తే మంచిది. తీరం పక్క గుంతలో ఉప్పు ఇంకా పోయడం కంటే తేమను పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి మేలు, ఉప్పు పైపు ఆయుష్షును తగ్గిస్తుంది. రాతి నేలలో ఒక్క 2.5 మీటర్ల పైపు చాలదు. 5 మీటర్ల ఎడంలో మరో రెండు వేసి కలపాలి. ఏప్రిల్, మే నెలల్లో వారానికోసారి బకెట్ నీళ్లు పోయండి. అద్దె ఇల్లైతే ఈ మీటరు అంకెలు యజమానికి చూపించి అడగండి.

ఇనుప తీగ దండెం కరెంటు స్తంభానికో, సర్వీసు వైరు తగిలే పైపుకో కట్టి ఉంటే ఇవాళే నైలాన్ తాడు కట్టండి.

ఎవరికైనా షాక్ కొడితే

ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. వీలుకాకపోతే ఇంటి కరెంటే అయినప్పుడు, పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో తప్పించండి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్య 5 - 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 - 120 సార్లు నొక్కండి. లేచి కూర్చున్నా ఆస్పత్రిలో ఈసీజీ తీయించాలి, గుండె లయ తర్వాత తప్పే ప్రమాదముంది.

వీధిలో తెగిపడిన తీగ వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా అలాంటివే. దానికి కర్ర కూడా పనికిరాదు. కనీసం 10 మీటర్లు ఎడంగా ఉండి, ఎవర్నీ దగ్గరకి రానివ్వకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి. తుపానుకు ఇంట్లోకి నీళ్లొస్తే, బోర్డులు ఆరి ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి చూశాకే మెయిన్ వెయ్యండి.